రీకాల్ వచ్చిన బండి కొనొచ్చా? ప్రొద్దుటూరు చెల్లెమ్మకు జవాబు

ప్రశ్న: అన్నా, మాది ప్రొద్దుటూరు. నేను స్కూల్ టీచర్ని. మా ఆయన రోజూ ఎర్రగుంట్ల సిమెంట్ ఫ్యాక్టరీకి వెళ్ళొస్తారు. నెలకు రెండుసార్లు మా అత్తమ్మను కడప ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, పండగలకు రాయచోటిలో మా అమ్మవాళ్ళింటికి పోవాలి. అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు, చిన్న కారులో కూర్చుని లేవలేకపోతోంది. కొత్త బండి కొనే శక్తి మాకు లేదు. కడపలో ఒక బ్రోకర్ దగ్గర ఫోర్డ్ ఎకోస్పోర్ట్ డీజిల్ చూశాం. 2017 జూన్ తయారీ, మీటరు 96,000 కిలోమీటర్లు, నంబరు ఏపీ 39తో మొదలవుతుంది, రెండో ఓనరు. నాలుగు లక్షల పాతిక వేలు చెబుతున్నాడు. ‘మొదటి నుంచీ కడప బండే, డాక్టరు వాడింది’ అంటున్నాడు. మా తమ్ముడేమో ‘ఆ కంపెనీయే దేశంలో మూతపడింది, పైగా ఆ బండికి ఎన్నోసార్లు రీకాల్ వచ్చింది, వద్దక్కా’ అంటున్నాడు. ఆదివారంలోగా పదివేలు అడ్వాన్స్ ఇవ్వకపోతే వేరేవాళ్ళకు ఇచ్చేస్తానని బ్రోకర్ ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు:

చెల్లెమ్మా, ముందు ఆ పదివేలు ఇవ్వకండి. బండి బాగుండొచ్చు, బాగోకపోవచ్చు, ఆ సంగతి తర్వాత చూద్దాం. మీరు రాసిన ఉత్తరంలోనే ఒక మాట పొసగడం లేదు. దానికి జవాబు దొరికేదాకా రూపాయి కూడా చేతులు మారకూడదు.

2017లో మన కడప జిల్లాలో రిజిస్టరైన బండికి ఏపీ 04 నంబరు ఉండాలి. అప్పట్లో అనంతపురానికి 02, కర్నూలుకు 21, మనకు 04. ఏపీ 39 అనేది 2019 మొదట్లో రాష్ట్రమంతటికీ కలిపి తెచ్చిన సిరీస్. 2017 జూన్‌లో తయారైన బండికి ఆ నంబరు ఉందంటే, అది 2019 తర్వాత వేరే రాష్ట్రం నుంచి వచ్చి ఇక్కడ మళ్ళీ రిజిస్టరై ఉండాలి. ‘మొదటి నుంచీ కడప బండే’ అన్న మాట ఇక్కడే నిలవడం లేదు.

బయటి నుంచి రావడం తప్పేమీ కాదు. బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగం చేసి సొంతూరికి వచ్చినవాళ్ళు బండితో సహా వస్తారు, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టి నంబరు మార్పించుకుంటారు. అలాంటివాటిలో మంచి బండ్లు నేను ఎన్నో చూశాను. కానీ వేరే కారణాలతో వచ్చేవీ ఉంటాయి. ఢిల్లీ చుట్టుపక్కల పదేళ్ళు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షలు పెట్టినప్పటి నుంచి, గడువు దగ్గరపడుతున్న బండ్లను అక్కడ తక్కువకు కొని దక్షిణాదికి తెచ్చి అమ్మడం ఒక వ్యాపారమైంది. వరదల్లో మునిగిన బండ్లూ ఇలాగే ఊరు మారతాయి. 2020 అక్టోబరులో హైదరాబాదులో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని కార్లు నీళ్ళలో మునిగాయో మనం టీవీల్లో చూశాం. మునిగిన ఊళ్ళో వాటిని ఎవరూ కొనరు. శుభ్రంగా కడిగి, సీట్ కవర్లు మార్చి, నాలుగు జిల్లాల అవతల అమ్ముతారు.

ఈ విషయంలో నేను నమ్మి మోసపోయాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. 2021లో మా బావమరిదికి నేనే దగ్గరుండి ఒక బండి కొనిపెట్టాను. ఇంజిన్ చూశాను, టైర్లు చూశాను, కాగితాలు చూశాను. ఆరు నెలలకు పవర్ విండోలు ఆగిపోయాయి. ఇంకో నెలకు మీటరు డిస్‌ప్లే పోయింది. తర్వాత రాత్రిపూట హారన్ దానంతటదే మోగడం మొదలైంది. కరెంటు పని చేసే కుర్రాడు డ్రైవర్ సీట్ బెల్టును చివరిదాకా లాగి నాకు చూపించాడు. రోజూ మనం లాగే భాగం నల్లగా శుభ్రంగా ఉంది. చివరి మూర మాత్రం, ఎప్పుడూ బయటికి రాని భాగం, ఎండిన బురద పట్టి బిరుసెక్కి ఉంది. దాని మీద నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో గీత గీసినట్టు కనిపిస్తోంది. మనసు చివుక్కుమంది. కొనేముందు ఆ బెల్టును ఒక్కసారి పూర్తిగా లాగి ఉంటే సరిపోయేది. మీరు మాత్రం ఐదు బెల్టులూ చివరిదాకా లాగి చూడండి. డిక్కీలో కార్పెట్ ఎత్తి అడుగున చెయ్యి పెట్టండి, సీటు కింద బోల్టులకు తుప్పు ఉందేమో టార్చ్ వేసి చూడండి. బండి తలుపు తీయగానే సెంటు వాసన గుప్పుమంటే అనుమానించాల్సిందే.

ఇక మీ తమ్ముడు చెప్పిన రీకాల్ సంగతి. అతని జాగ్రత్త మంచిదే కానీ, రీకాల్ అన్న మాటను అతను తిరగేసి అర్థం చేసుకున్నాడు. తయారీలో ఫలానా లోపం జరిగిందని కంపెనీయే గుర్తించి, అమ్మేసిన బండ్లను వెనక్కి పిలిచి ఉచితంగా బాగుచేసి ఇవ్వడమే రీకాల్. వాహన తయారీదారుల సంఘం సియామ్ 2012లో దీనికి స్వచ్ఛంద నియమావళి పెట్టుకుంది. తర్వాత 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో 110ఎ సెక్షన్‌తో రీకాల్‌కు చట్టబలం వచ్చింది, దాని నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. రీకాల్ ఇవ్వాల్సి రాని పెద్ద కంపెనీ దాదాపు లేనట్టే. మారుతి 2021 సెప్టెంబరులో మోటార్ జనరేటర్ యూనిట్ తనిఖీ కోసం విటారా బ్రెజా పెట్రోలుతో కలిపి ఐదు మోడళ్ళవి 1,81,754 బండ్లను పిలిచింది. మహీంద్రా ఎక్స్‌యూవీ 300కూ సస్పెన్షన్ భాగం కోసం రీకాల్ వచ్చింది. రీకాల్ వచ్చిందని బండి చెడ్డదైపోదు. రీకాల్ వచ్చినా తీసుకెళ్ళి ఆ పని చేయించుకోని బండితోనే ప్రమాదం. రెండు బండ్లూ పక్కపక్కన నిలబెడితే తేడా కంటికి కనిపించదు, అదే కష్టం.

ఎకోస్పోర్ట్ మన దేశంలో 2013 జూన్‌లో వచ్చింది. తయారీ చెన్నై దగ్గర మరైమలై నగర్‌లో. మొదటి రెండేళ్ళ బండ్లకే రీకాల్‌లు ఎక్కువ పడ్డాయి. 2013లోనే గ్లో ప్లగ్ (చల్లటి డీజిల్ ఇంజిన్ అందుకోవడానికి వేడి ఇచ్చేది) మాడ్యూల్ మార్చడానికి 972 డీజిల్ బండ్లను పిలిచారు. 2014లో 20,752 బండ్లు. 2015లో వెనక సస్పెన్షన్ బోల్టుల కోసం 16,444. 2016లో మొదటి ఏడాది తయారైన డీజిల్ బండ్లు దాదాపు 48,000. మీరు చూసింది 2017ది కాబట్టి ఇవేవీ దానికి సంబంధించినవి కావు.

మీకు సంబంధించింది 2018లో వచ్చిన రీకాల్. 2017 మే, జూన్ నెలల్లో తయారైన 4,379 ఎకోస్పోర్ట్‌లను ముందు చక్రాల లోయర్ ఆర్మ్ తనిఖీ కోసం పిలిచారు. వెల్డింగ్ సరిగ్గా పడకపోయి ఉండొచ్చని, దానివల్ల స్టీరింగ్ మీద పట్టు తప్పే ప్రమాదం ఉందని కారణం. మీ బండి జూన్ 2017. సరిగ్గా ఆ రెండు నెలల్లోనే ఉంది. ఆ నెలల్లో తయారైన ప్రతి బండీ ఆ జాబితాలో ఉండాలని లేదు, ఉన్నా మొదటి ఓనరు అప్పుడే పని చేయించి ఉండొచ్చు. కానీ మధ్యలో ఊరు మారి, ఓనరు మారి, ఫోన్ నంబరు మారితే కంపెనీ పంపిన సమాచారం ఎవరికీ అందకుండా పోయే వీలూ ఉంది. అందుకే నంబరు ఏపీ 39 అని చదవగానే నాకు రీకాల్ భయం కూడా పట్టుకుంది. రెండూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి.

లోయర్ ఆర్మ్ అంటే చక్రాన్ని బండి అడుగు చట్రానికి కలిపి పట్టుకునే ఇనుప చెయ్యి. గుంతలో పడ్డ ప్రతి దెబ్బా, బ్రేకు వేసిన ప్రతిసారీ బండి ముందుకు తోసుకొచ్చే బరువూ దాని మీదే పడతాయి. అది మెల్లగా అరిగి మనకు ముందే చెప్పే భాగం కాదు. వెల్డింగ్ దగ్గర చీలితే ఆ చక్రం ఎటు తిరుగుతుందో డ్రైవర్ చేతిలో ఉండదు. పక్క సీట్లో అత్తమ్మను కూర్చోబెట్టుకుని గువ్వలచెరువు ఘాట్ దిగే బండికి ఇది చూడకుండా కొనడం కుదరదు.

తేల్చుకోవడం కష్టమేమీ కాదు. ఆర్‌సీ మీద ఛాసిస్ నంబరు ఉంటుంది, తయారైన నెల, సంవత్సరం కూడా ఉంటాయి. ఆ ఛాసిస్ నంబరు చెప్పి కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడిగితే ఈ బండికి రీకాల్ పని ఏదైనా మిగిలి ఉందా, లేదా అన్నది చూసి చెప్పగలరు. ఓనరు అడిగితే సర్వీస్ చరిత్ర కూడా చెబుతారు కాబట్టి, మీరు చేయడం కంటే ఇప్పటి ఓనరుతోనే మీ ముందు ఫోన్ చేయించండి. ఆఖరి సర్వీస్ ఏ ఊళ్ళో, ఎన్ని కిలోమీటర్ల దగ్గర జరిగింది అన్నది అడగండి. ఈ ఒక్క ఫోన్‌తో మూడు సంగతులు తేలిపోతాయి. బండి ఏ రాష్ట్రం నుంచి వచ్చిందో తెలుస్తుంది, మీటరు వెనక్కి తిప్పారో లేదో తెలుస్తుంది, లోయర్ ఆర్మ్ పని అయిందో లేదో తెలుస్తుంది. బ్రోకర్ ‘ఓనరు ఫారిన్‌లో ఉన్నాడు, ఫోన్ కలవదు’ అంటే ఆ బండి అక్కడే వదిలేసి రండి.

మీటరు విషయంలో ఇంకో ఉపాయం ఉంది. టైరు పక్క గోడ మీద నాలుగు అంకెల ముద్ర ఉంటుంది. 2317 అని ఉంటే 2017లో 23వ వారం తయారైందని అర్థం. స్టెప్నీ మీద ఆఖరి రెండు అంకెలు 17 అయితే అది బండితో వచ్చిందే. కింద ఉన్న నాలుగు టైర్లు తర్వాత సంవత్సరాలవి అయి ఉండాలి, ఎందుకంటే 96,000 తిరిగిన బండికి ఒకసారైనా టైర్లు మారి ఉంటాయి. అద్దాల మీద కూడా తయారీ ముద్ర ఉంటుంది. మిగతావన్నీ ఒక సంవత్సరానివై ముందు అద్దం ఒక్కటే వేరే సంవత్సరానిదైతే ఎందుకు మార్చారని అడగండి. రాయి తగిలిందనొచ్చు, అది మామూలే. అప్పుడు బోనెట్ బోల్టుల మీద పానా పట్టిన గుర్తులూ, లోపలి రేకుల మీద కొత్త పెయింటూ లేకపోతే ఆ మాట నమ్మొచ్చు. తాళం తిప్పగానే మీటరులో ఎయిర్‌బ్యాగ్ లైటు కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవాలి. ఆరకపోయినా లోపమే, అసలు వెలగకపోయినా లోపమే. గుద్దినప్పుడు తెరుచుకున్న ఎయిర్‌బ్యాగ్ మార్చకుండా ఆ లైటు కనెక్షన్ తీసేసినవాళ్ళు ఉన్నారు.

ఇక బండి గుణం గురించి. 1.5 లీటర్ డీజిల్ ఎకోస్పోర్ట్ నాకు ఇష్టమైన బండే, దాచుకోను. 100 హార్స్‌పవర్ ఇంజిన్, గట్టి రేకు, స్టీరింగ్ మీద నమ్మకం, అడుగున 200 మిల్లీమీటర్ల ఎత్తు. సీటు ఎత్తులో ఉంటుంది కాబట్టి మోకాళ్ళు నొప్పులున్నవాళ్ళు కిందికి కూలబడక్కర్లేదు. మైలేజీ కూడా నిరాశపరచదు. దీని బాధలన్నీ చిన్నవీ పెద్దవీ కలిపి నాకు ముఖాలతో సహా తెలుసు.

మొట్టమొదటిది టైమింగ్ బెల్ట్. ఈ ఇంజిన్‌లో గొలుసు కాదు, రబ్బరు బెల్టు. నడుస్తుండగా అది తెగితే వాల్వులు పిస్టన్లకు కొట్టుకుని ఇంజిన్ దింపాల్సి వస్తుంది, ఖర్చు బండి విలువలో పెద్ద భాగాన్నే తినేస్తుంది. ఎనిమిదేళ్ళు దాటిన రబ్బరు అది. కడప ఎండల్లో మేలో బోనెట్ కింద రబ్బరు ఎలా వేగుతుందో మీకు చెప్పక్కర్లేదు. మార్చినట్టు బిల్లు చూపిస్తే సంతోషం. బిల్లు లేకపోతే, నోటిమాట ఎంత తియ్యగా ఉన్నా, కొన్న వారంలోనే బెల్టూ, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనరూ, వాటర్ పంపూ కలిపి మార్పించండి. ఆ డబ్బు ధరలో తగ్గించుకోవాల్సిందే.

రెండోది క్లచ్. దీన్ని చూడ్డానికి ఘాటే మంచి చోటు. మీరెలాగూ రాయచోటి దారిలో తిరిగేవాళ్ళే కాబట్టి టెస్ట్ డ్రైవ్ కడప బజారులో కాకుండా గువ్వలచెరువు ఘాట్ మీద చేయండి. బ్రోకర్ ఒప్పుకోకపోతే డీజిల్ డబ్బులు మీరు పెట్టండి. ఎక్కేటప్పుడు నాలుగో గేర్‌లో మెల్లగా పోతూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కండి. ఇంజిన్ మోత పెరిగి బండి మాత్రం ముందుకు లాగకపోతే క్లచ్ ప్లేట్ అయిపోయినట్టు. ఈ బండిలో క్లచ్ మార్చేటప్పుడు లోపల ఉండే హైడ్రాలిక్ సిలిండర్ కూడా మార్చడమే మేలు, లేకపోతే కొన్నాళ్ళకు దానికోసం మళ్ళీ గేర్ బాక్స్ దింపాల్సి వస్తుంది. అన్నీ కలిపి పాతిక ముప్పై వేలకు తక్కువ కాదు. ఘాట్ ఎక్కేటప్పుడు పికప్ లేకుండా, ఉస్సుమని గాలి పోతున్న శబ్దం వచ్చి, వెనక నల్లటి పొగ వస్తే టర్బో గాలి గొట్టం చిట్లి ఉంటుంది. దానికి భయపడక్కర్లేదు, గొట్టం మారిస్తే సరిపోతుంది. చాలామంది దీన్నే టర్బో పోయిందనుకుని హడలిపోతారు.

ఎక్కాక గువ్వలచెరువులో పాలకోవా అంగళ్ళ దగ్గర ఆపండి. ఇంజిన్ ఆపొద్దు. బోనెట్ ఎత్తి ఆయిల్ మూత వదులు చేసి చూడండి. సన్నని ఆవిరి మామూలే. బుస్సుబుస్సుమని పొగ ఎగదన్నుతుంటే ఇంజిన్ లోపల అరిగింది, అక్కడితో బేరం ఆపేయండి. ఏసీ పది నిమిషాలు అలాగే నడవనివ్వండి. నడిచే బండిలో ఏ ఏసీ అయినా చల్లగానే ఉంటుంది. నిలబడి ఉన్నప్పుడు, మిట్టమధ్యాహ్నం చల్లగా ఉంటేనే అది ఏసీ. దిగేటప్పుడు బ్రేకు వేస్తే స్టీరింగ్ చేతుల్లో వణుకుతుందేమో గమనించండి. ఇంకొక మాట. బండి దగ్గరకు పోగానే ముందు బోనెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే మీరొచ్చేలోగా స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. చల్లబడ్డాకే మళ్ళీ వస్తామనండి. పొద్దున్నే చల్లటి ఇంజిన్ ఒక్క సెల్ఫ్‌కు అందుకుంటే గ్లో ప్లగ్‌లూ ఇంజెక్టర్లూ చాలావరకు బాగున్నట్టే.

ముందు సస్పెన్షన్‌లో బుష్‌లు, లింక్ రాడ్లు ఈ బండికి త్వరగా అరుగుతాయి. స్పీడ్ బ్రేకర్ మీద టకటకమంటుంది. మీ ఆయన రోజూ పోయే ఎర్రగుంట్ల దారిలో సిమెంట్ లారీలు, నాపరాయి లారీలు తిరిగి రోడ్డును ఏం చేస్తాయో మీకు తెలుసు. ఈ ఖర్చు మీకు ఏడాదికో రెండేళ్ళకో వస్తూనే ఉంటుంది, వేలల్లో పోతుంది. ఆ దుమ్ముకు ఎయిర్ ఫిల్టర్ పుస్తకంలో రాసిన గడువు కంటే ముందే మార్చాలి.

వెనక డోర్‌కు స్టెప్నీ వేలాడుతుంది కదా, ఆ బరువుకు డోర్ బందులు కొంచెం జారి కటకటలాడడం కూడా ఈ బండిలో తరచు కనిపించేదే. అది పెద్ద విషయం కాదు.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఇది కుదరలేదనగానే బ్రోకర్ ‘ఇదే ధరలో ఆటోమేటిక్ ఉందమ్మా, మీరు నడపడానికి సుఖం’ అని పాత పెట్రోల్ ఆటోమేటిక్ చూపించొచ్చు. 2013 నుంచి 2017 దాకా ఎకోస్పోర్ట్‌లో వచ్చింది పవర్‌షిఫ్ట్ గేర్ బాక్స్. ఆ గేర్ బాక్స్ ఫిర్యాదులను సరిగ్గా పట్టించుకోనందుకు ఆస్ట్రేలియాలో 2018లో ఫెడరల్ కోర్టు ఫోర్డ్‌కు కోటి ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది, ఆ కేసులో ఎకోస్పోర్ట్ కూడా ఉంది. ఎంత తక్కువకు ఇచ్చినా అది వద్దు. 2017 నవంబరు తర్వాత వచ్చిన మార్పుల బండిలో పెట్రోల్ ఆటోమేటిక్ వేరే రకం, దానికి ఈ బాధ లేదు.

కంపెనీ మూతపడింది కదా అన్న భయం. ఫోర్డ్ 2021 సెప్టెంబరు 9న మన దేశంలో తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది, 2022 జూలైలో చెన్నైలో ఆఖరి ఎకోస్పోర్ట్ బయటికొచ్చింది. సర్వీసూ, విడిభాగాలూ ఇస్తామని కంపెనీ చెప్పింది, ఇస్తోంది కూడా. కానీ ఇదివరకటిలా ఊరూరా సర్వీస్ సెంటర్లు లేవు. మనకు చెన్నైకి పోవాలన్నా బెంగళూరుకు పోవాలన్నా రెండు వందల యాభై కిలోమీటర్ల పైమాటే. ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు, బుష్‌లు, క్లచ్, బెల్టు లాంటివి దొరుకుతాయి, మన మెకానిక్‌లు చేయగలరు కూడా. కంప్యూటర్ మాడ్యూళ్ళు, పవర్ స్టీరింగ్ యూనిట్, హెడ్‌లైట్, డోర్ రేకులు లాంటివి కావాలంటే వారాలు పట్టొచ్చు. అందుకే నా షరతు ఇది. కొనేముందే ప్రొద్దుటూరులోనో కడపలోనో ఈ ఇంజిన్ పని తెలిసి, ఫోర్డ్ బండి కంప్యూటర్‌లోని లోపాలు చదివే స్కానర్ ఉన్న మెకానిక్‌ను చూసుకోండి. అలాంటి మనిషి దొరికితే మీ తమ్ముడి భయంలో సగం తీరిపోయినట్టే. దొరక్కపోతే ఎంత మంచి బండయినా మీ ఇంటికి తగినది కాదు. మీకు రోజూ బండి కావాలి, నెలకు రెండుసార్లు ఆసుపత్రి ఉంది. పదిహేను రోజులు షెడ్డులో నిలబడే బండి మీకు పనికిరాదు. అప్పుడు ఇంకో లక్ష చూసుకుని 2016, 2020 మధ్య వచ్చిన బ్రెజా డీజిల్ వెతకండి. దాని ఇంజిన్ పని తెలియని మెకానిక్ మన జిల్లాలో ఉండడు, అందులో టైమింగ్‌కు గొలుసే. నడపడంలో ఎకోస్పోర్ట్ ఇచ్చే ఆనందం అది ఇవ్వదు కానీ మీ అవసరానికి సరిపోతుంది.

ఆ మెకానిక్‌తోనే బండిని లిఫ్ట్ మీదికి ఎక్కించి అడుగు చూపించుకోండి. ఐదొందలో వెయ్యో ఇస్తే చూస్తాడు. మీ ఆయన కూడా పక్కనే నిలబడి టార్చ్ పట్టుకోవాలి. ముందు చక్రాల వెనక లోయర్ ఆర్మ్ మీద బురద గుడ్డతో తుడిపించండి. రెండు పక్కలా ఆర్మ్‌లు ఒకేలా ఉన్నాయా, ఒకటి పాతదీ ఒకటి కొత్తదీనా, వెల్డింగ్ గీత వెంబడి సన్నని తుప్పు చార ఏమైనా దిగిందా అన్నది చూడాలి. వెంట్రుకంత చార ఉన్నా ఆ బండిని అక్కడి నుంచి నడిపి తీసుకెళ్ళొద్దని ఓనరుకు కూడా చెప్పండి, అది అతని ప్రాణం సంగతి. అయితే కంటికి బాగుందన్నంత మాత్రాన రీకాల్ పని అయినట్టు కాదు, సర్వీస్ సెంటర్ నుంచి ఆ మాట రావాల్సిందే. పని మిగిలి ఉందంటే ఇప్పటి ఓనరే తీసుకెళ్ళి చేయించి, చేసిన పని రాసిచ్చే జాబ్ కార్డు చేతికిచ్చాక మిగతా బేరం.

కాగితాల గురించి క్లుప్తంగా. ప్రభుత్వ రవాణా వెబ్‌సైట్ పరివాహన్‌లో బండి నంబరు కొట్టి అప్పు ఉందా, చలానాలు ఉన్నాయా, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో చూడండి. బ్యాంకు పేరు కనిపిస్తే, అప్పు తీరిందని ఆ బ్యాంకు ఇచ్చే ఎన్ఓసీ, ఫారం 35 వచ్చి ఆర్‌సీలో ఆ పేరు తీసేసేదాకా మొత్తం డబ్బు ఇవ్వకూడదు. పేరు మార్పుకు ఫారం 29, 30 మీద ఓనరు మీ ఎదుటే సంతకం చేయాలి. ఖాళీ ఫారాల మీద ముందే చేసిన సంతకాలు తీసుకోవద్దు. ఇన్సూరెన్స్ కూడా పద్నాలుగు రోజుల్లో మీ పేరు మీదికి మార్పించుకోండి. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, అది అతనితోనే పోతుంది. పాత పాలసీ నంబరుతో ఆ ఇన్సూరెన్స్ కంపెనీలో పెద్ద క్లెయిమ్ ఏదైనా జరిగిందేమో అడిగించండి. వరద బండి అయితే చాలాసార్లు అక్కడే బయటపడుతుంది.

ధర మాటకొస్తే, అన్నీ సరిగ్గా ఉన్నాయనుకున్నా నాలుగు లక్షల పాతిక వేలు ఎక్కువే. బయటి రాష్ట్రం బండి, రెండో ఓనరు, తయారీ ఆగిపోయిన మోడల్, లక్షకు దగ్గరపడిన మీటరు. నేనైతే మూడు లక్షల డెబ్బై వేల దగ్గర మొదలుపెట్టి మూడు ఎనభైకి మించి పోను. బెల్టు బిల్లు లేకపోయినా, క్లచ్ జారుతున్నా ఆ ఖర్చు మళ్ళీ ఇందులోంచే తగ్గాలి. ఆదివారంలోగా వేరేవాళ్ళు తీసుకుపోతారన్న మాటకు కంగారుపడకండి. ఇలాంటి డీజిల్ ఎకోస్పోర్ట్‌లు కడపలో కాకపోతే అనంతపురంలో, తిరుపతిలో దొరుకుతూనే ఉంటాయి.

ఆదివారం వెళ్ళేటప్పుడు మీ అత్తమ్మను కూడా వెంట తీసుకెళ్ళండి. ఆమెను ముందు సీట్లోనూ వెనక సీట్లోనూ రెండుసార్లు ఎక్కి దిగమనండి. దిగేటప్పుడు చేత్తో ఏది పట్టుకుంటోందో, పాదం నేలకు ఆనుతోందో లేదో చూడండి. ఎత్తు ఎక్కువైతే పక్కన ఫుట్ స్టెప్ బిగించుకోవచ్చు, కానీ మోకాలు మడవడానికి ముందు సీటు ఎంత వెనక్కి జరపాలో అక్కడే తేలుతుంది. ఛాసిస్ నంబరు మీద సర్వీస్ సెంటర్ వాళ్ళు ఏం చెప్పారో, నంబరు ఎందుకు ఏపీ 39 అయిందని అడిగితే ఓనరు ఏం చెప్పాడో నాకు మళ్ళీ రాయండి.